ఇంగ్లీషు మాటలు మన దగ్గర ఉన్నాయి, లేనివి క్రియలు: రోజువారీ సంభాషణ నేర్చుకునే పద్ధతి

ఒక మామూలు రోజున మన ఇళ్లలో వినిపించే తెలుగు ఇలా ఉంటుంది: "బస్సు మిస్సయింది, ఆటో బుక్ చేసుకుని ఆఫీసుకు వెళ్తే మీటింగు కాన్సిల్ అయిందన్నారు." ఈ ఒక్క వాక్యంలో ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు ఏడున్నాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారికే కాదు, బడి ముఖం చూడని పెద్దలకు కూడా ఇలాంటి మాటలు వందల్లో తెలుసు. అయినా ఎదుటివారు ఇంగ్లీషులో పలకరిస్తే నోరు పెగలదు.

దీనికి కారణం మాటల కొరత కాదు. అరువు తెచ్చుకున్న ప్రతి మాటకూ మనం "చేయు" అనో "అవు" అనో తగిలించి పని జరిపిస్తాం. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేశారా లేదా అనే బరువంతా ఆ తెలుగు క్రియే మోస్తుంది. ఇంగ్లీషులోకి వెళ్లగానే ఆ ఆసరా పోతుంది. చేతిలో పేర్లు మిగులుతాయి, వాటిని కలిపే క్రియ ఉండదు. కాబట్టి రోజుకు పది కొత్త పదాలు బట్టీ పట్టమనే సలహాను పక్కన పెట్టండి. మీకు కావలసినవి క్రియలు, వాటిని తిప్పే అలవాటు, తెలుగు వాక్యం ఇంగ్లీషు వాక్యంతో విడిపోయే నాలుగైదు చోట్ల ఎరుక. ఈ మార్గదర్శి అక్షరాలు చదవగలిగి, మాట్లాడలేకపోతున్న పెద్దవారి కోసం రాసింది.

ముందు కాలం సంగతి. ముప్పై రోజుల్లో అనర్గళంగా మాట్లాడిస్తామనే ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. యూరప్‌లో భాషా నైపుణ్యాన్ని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయులుగా కొలుస్తారు. దుకాణం, ప్రయాణం, కుటుంబం వంటి రోజువారీ విషయాలు మాట్లాడగలిగేది ఏ2 స్థాయి. సున్నా నుంచి మొదలుపెట్టినవారికి అక్కడికి చేరడానికి 180 నుంచి 200 గంటల బోధన అవసరమని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా. రోజుకు అరగంట చొప్పున చూస్తే ఏడాది. మీరు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు కాబట్టి అంతకన్నా ముందే చేరవచ్చు. అయితే ఆ అరగంట ప్రతిరోజూ ఉండాలి. ఆదివారం ఒక్కరోజే మూడున్నర గంటలు కూర్చుంటే నోటికి అలవాటు కాదు.

మొదటి మెట్టు: మీ రోజే మీ పాఠ్యపుస్తకం

ఒక నోటుపుస్తకం తీసుకుని, ఈరోజు మీరు నిజంగా అన్న మాటలను ఇరవై వాక్యాలుగా తెలుగులో రాయండి. పుస్తకాల్లో ఉండే "రాముడు మంచి బాలుడు" లాంటివి వద్దు. "పాలవాడు ఇంకా రాలేదు", "రాత్రి కరెంటు పోయింది", "పిల్లవాడికి జ్వరం తగ్గింది", "చిల్లర లేదు", ఇలా ఉండాలి. ఇంగ్లీషు బాగా వచ్చినవారినో, ఫోనులోని అనువాద సాధనాన్నో అడిగి ఒక్కో వాక్యాన్నీ మొత్తంగా ఇంగ్లీషులో రాసుకోండి. పదం పదంగా అడగవద్దు. "కరెంటు పోయింది" అన్నదాన్ని ముక్కలు చేస్తే "కరెంట్ వెంట్" అవుతుంది. ఇంగ్లీషువారు అనే మాట "ద పవర్ వెంట్ అవుట్". "జ్వరం తగ్గింది" అంటే "హిజ్ ఫీవర్ హాజ్ కమ్ డౌన్".

ఒక జాగ్రత్త. చదవడానికి వీలుగా ఈ వ్యాసంలో ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీ నోటుపుస్తకంలో మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే రాసుకోండి, ఉచ్చారణను చెవితో పట్టుకోండి. తెలుగు లిపి చెప్పలేని ధ్వనులు ఇంగ్లీషులో కొన్ని ఉన్నాయి. వాటి సంగతి తరువాత చెబుతాను.

రెండో మెట్టు: ఒక వాక్యాన్ని ఆరు వైపులా తిప్పడం

మొత్తం పద్ధతిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఒక క్రియ తీసుకోండి. ఇప్పటి అలవాటు, గడిచిపోయిన సంగతి, ఈ రెండింటిలోనూ అవును, కాదు, ప్రశ్న అనే మూడు రూపాలు పలకండి.

"ఐ గో బై బస్." నేను బస్సులో వెళ్తాను.
"ఐ డోంట్ గో బై బస్." బస్సులో వెళ్లను.
"డు యు గో బై బస్?" మీరు బస్సులో వెళ్తారా?
"ఐ వెంట్ బై బస్." బస్సులో వెళ్లాను.
"ఐ డిడ్ంట్ గో బై బస్." బస్సులో వెళ్లలేదు.
"డిడ్ యు గో బై బస్?" బస్సులో వెళ్లారా?

చివరి రెండు వాక్యాలను మరోసారి చూడండి. "డిడ్" వచ్చాక "వెంట్" లేదు, మళ్లీ "గో" వచ్చింది. గడిచిన కాలాన్ని "డిడ్" తన మీద వేసుకుంది కాబట్టి క్రియ మామూలు రూపానికి తిరిగి వెళ్లింది. "డిడ్ంట్ వెంట్", "డిడ్ యు సా" అనే తప్పులు మనవారిలో చాలా ఎక్కువ. ఈ సూత్రాన్ని బట్టీ పట్టడం కన్నా ఆరు వాక్యాలనూ గట్టిగా పలకడం మేలు. కొన్ని వారాల్లో తప్పు రూపం మీ చెవికే ఎబ్బెట్టుగా తగులుతుంది. ఆ తరువాత "షి" పెట్టి తిప్పండి: "షి గోజ్", "షి డజంట్ గో", "డజ్ షి గో?"

మొదట ఈ ఇరవై క్రియలు చాలు: గో, కమ్, గెట్, టేక్, గివ్, పుట్, మేక్, డు, హావ్, సీ, టెల్, సే, ఆస్క్, నో, థింక్, వాంట్, నీడ్, ఫైండ్, లీవ్, కాల్. రోజుకు ఒకటి చొప్పున తీసుకుని, మీ నోటుపుస్తకంలోని వాక్యాలతో తిప్పండి.

వీటిలో "గెట్" మీద మరికొంత శ్రద్ధ పెట్టండి. బస్సు, రైలు ఎక్కడం "గెట్ ఆన్", దిగడం "గెట్ ఆఫ్". కారు, ఆటో అయితే "గెట్ ఇన్", "గెట్ అవుట్". మన దగ్గర బస్సు దిగడాన్ని "గెట్ డౌన్" అంటాం, ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. అమెరికాలోనో ఇంగ్లండులోనో అదే మాట కిందికి వంగమన్నట్టు వినిపిస్తుంది.

మూడో మెట్టు: రెండు భాషలూ విడిపోయే చోట్లు

తెలుగులో "వస్తున్నాను" అంటే చాలు, ఎవరన్నది క్రియే చెబుతుంది. "ఆయన మా మామయ్య" అనే వాక్యంలో అసలు క్రియే లేదు. ఇంగ్లీషు ఈ రెండింటినీ ఒప్పుకోదు. ఎవరో చెప్పాలి, క్రియ ఉండాలి: "ఐ యామ్ కమింగ్", "హి ఈజ్ మై అంకుల్". చివరికి వర్షం పడుతున్నా "ఇట్ ఈజ్ రెయినింగ్" అని ఒక "ఇట్" తెచ్చి కూర్చోబెట్టాలి.

తరువాతివి "నాకు" వాక్యాలు. నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు ఇద్దరు తమ్ముళ్లు, నాకు భయం. తెలుగులో అనుభవం మన దగ్గరికి వస్తుంది. ఇంగ్లీషులో దాదాపు ప్రతిచోటా "ఐ" అని మొదలవుతుంది: "ఐ యామ్ హంగ్రీ", "ఐ నో", "ఐ హావ్ టూ బ్రదర్స్", "ఐ యామ్ స్కేర్డ్". మీ "నాకు" వాక్యాలన్నిటినీ ఒక పేజీలో విడిగా రాసుకోండి. అక్కడే "ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అనే అలవాటును కూడా వదిలించుకోండి. తెలిసి ఉండడం, కలిగి ఉండడం, ఇష్టపడడం అనే స్థితులకు సాధారణంగా ఆ "ఇంగ్" చేర్చరు.

ప్రశ్నలో మాటల వరుస మారుతుంది. "వేర్ యు ఆర్ గోయింగ్?" కాదు, "వేర్ ఆర్ యు గోయింగ్?" అనాలి. "ఎ", "ద" ఎక్కడ వాడాలన్న దాని మీద ఇప్పుడు సమయం పెట్టకండి. అవి తప్పినా అర్థం చెడదు, వినగా వినగా వాటంతట అవే కుదురుతాయి.

తప్పితే నిజంగా చిక్కు తెచ్చేది మరొకటుంది. "మీరు మందులేమీ వాడడం లేదా?" అని డాక్టరు అడిగితే, వాడనివారు తెలుగులో "అవునండి, వాడడం లేదు" అంటారు. అడిగిన మాట నిజమేనని ఒప్పుకోవడం మన పద్ధతి. ఇంగ్లీషులో చూడాల్సింది ప్రశ్నను కాదు, వాస్తవాన్ని. వాడడం లేదు కాబట్టి "నో, ఐ డోంట్" అనాలి. వాడుతుంటే "యెస్, ఐ డు". "సో యు డోంట్ టేక్ ఎనీ మెడిసిన్స్?" అన్నప్పుడు "యెస్" అని ఊరుకుంటే, మందులు వాడుతున్నారని డాక్టరు అనుకునే ప్రమాదం ఉంది. విదేశంలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలు దీన్ని తప్పనిసరిగా సాధన చేయాలి. ఒక ఉపాయం ఏమిటంటే ఒంటరి "యెస్", "నో"లతో ఆపకుండా ఎప్పుడూ పూర్తి వాక్యం చెప్పడం: "నో, ఐ డోంట్ టేక్ ఎనీ మెడిసిన్స్."

నాలుగో మెట్టు: మర్యాద ఎక్కడ ఉంటుంది

తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. "కాఫీ ఇవ్వండి" అన్నప్పుడు ఆ "అండి" గౌరవాన్ని మోస్తుంది, ఇంకేమీ అక్కర్లేదు. అదే వాక్యాన్ని "గివ్ మీ కాఫీ" అంటే గౌరవం జారిపోయి ఆజ్ఞ ఒక్కటే మిగులుతుంది. ఎంతో మెత్తగా మాట్లాడే మన పెద్దలు పరాయి దేశంలో కటువుగా మాట్లాడేవారిగా పేరు తెచ్చుకోవడం నాకు బాధ కలిగించే విషయం. వారి మనసులో లేని కాఠిన్యం వాక్యంలో చేరుతుంది.

ఇంగ్లీషులో మర్యాద ప్రశ్న రూపంలో ఉంటుంది. అడిగేది ఏదైనా ఈ మూడు అచ్చుల్లో పోయండి: "కెన్ ఐ హావ్ ఎ కాఫీ, ప్లీజ్?", "కుడ్ యు క్లోజ్ ద డోర్, ప్లీజ్?", "వుడ్ యు మైండ్ వెయిటింగ్?" మూడోదానికి జవాబులో మెలిక ఉంది. "మైండ్" అంటే అభ్యంతరపడడం కాబట్టి, వేచి ఉండడానికి సరేననుకుంటే "నాట్ ఎట్ ఆల్" అనాలి. "ఐ వాంట్" బదులు "ఐ వుడ్ లైక్" అనడం అలవాటు చేసుకోండి. చిన్న సాయానికి కూడా "థాంక్యూ" అనాలి. సొంతవారికి కృతజ్ఞత చెబితే పరాయితనంగా ఉంటుందని మనం అనుకుంటాం కానీ, అక్కడ చెప్పకపోతేనే లోటు.

మన పలకరింపులు కూడా నేరుగా దాటవు. ఫోను ఎత్తి "చెప్పండి" అంటాం. దాన్ని "టెల్ మీ" చేయకండి, "హలో, హౌ ఆర్ యు?" అనండి. పని మీద చేసిన ఫోను అయితే "హౌ కెన్ ఐ హెల్ప్ యు?" సరిపోతుంది. సెలవు తీసుకుంటూ "వెళ్లొస్తాను" అంటాం, "వెళ్తాను" అనడం మనకు అశుభం. అక్కడ "ఐ విల్ గో అండ్ కమ్" అంటే మళ్లీ ఎప్పుడు వస్తారని ఎదురుచూస్తారు. "ఐ షుడ్ గెట్ గోయింగ్, సీ యు సూన్" అనండి. "భోజనం చేశారా?" అన్నది మనకు ఆత్మీయమైన పలకరింపు. కొత్తవారిని ఇంగ్లీషులో అలా అడిగితే భోజనానికి పిలుస్తున్నారేమో అనుకోవచ్చు.

ఐదో మెట్టు: చెవికి పని

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. దానికి పుస్తకాలు లేవు, లిపి లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, ఆయన మాట వింటూ ఏళ్ల తరబడి శ్రమించి నేర్చుకున్నారు. ఆ భాషలో పాఠ్యపుస్తకాలు రాసి, సవర పిల్లల కోసం బడులు కూడా పెట్టారు. మనం ఇంగ్లీషును పదేళ్లు కంటితో చదివి, చెవికి పది గంటలు కూడా ఇవ్వం. ఆ లెక్కను తిరగేయాలి.

మీకు మనిషి దొరకకపోయినా ఫోను ఉంది. బీబీసీ 1943 నుంచి ఇంగ్లీషు నేర్పుతోంది. "సిక్స్ మినిట్ ఇంగ్లిష్" అనే దాని ఆరు నిమిషాల సంభాషణలు రాతప్రతితో సహా ఉచితంగా దొరుకుతాయి. అమెరికా ప్రభుత్వ ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో మొదలుపెట్టిన స్పెషల్ ఇంగ్లిష్ దాదాపు 1500 మాటల పరిధిలో నెమ్మదిగా చదివే వార్తలతో సాగింది. మొదట అలాంటి నెమ్మది మాటలే ఎంచుకోండి. యూట్యూబ్‌లో అయితే వేగాన్ని 0.75కు తగ్గించుకోవచ్చు. సినిమాలతో మొదలుపెట్టకండి, వాటిలో వేగమూ యాసలూ కొత్తవారిని నిరుత్సాహపరుస్తాయి.

వినే పద్ధతి ముఖ్యం. రెండు నిమిషాల ముక్క తీసుకుని మొదట రాతప్రతి చూడకుండా వినండి. తరువాత ఒక్కో వాక్యం దగ్గర ఆపి, విన్నది రాయడానికి ప్రయత్నించండి. అప్పుడు రాతప్రతితో పోల్చండి. మీరు రాయలేకపోయిన చోటే అసలు పాఠం ఉంటుంది. చాలాసార్లు అక్కడ కొత్త పదం ఉండదు, తెలిసిన పదాలే అతుక్కుపోయి ఉంటాయి. "డిడ్ యు" కలిసి "డిడ్జు" అవుతుంది, "వాంట్ టు" కలిసి "వాన" లాగా, "గోయింగ్ టు" కలిసి "గొన" లాగా వినిపిస్తాయి. మీరు అలా పలకాల్సిన పని లేదు, విన్నప్పుడు గుర్తుపట్టగలిగితే చాలు. చివరగా అదే ముక్కను వింటూ, ఆ గొంతు వెంటే అర సెకను ఆలస్యంగా మీరూ పలకండి. ఒకే ముక్కను వారమంతా వినండి. రోజుకో కొత్త వీడియో చూడడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

ఆరో మెట్టు: నోటికి పని

మన యాస పోవాల్సిన అవసరం లేదు. ఎదుటివారికి మాట తెలియాలి, అంతే. అందుకు కొన్ని సవరణలు చాలు.

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మనకు బస్సు అయింది, బుక్ బుక్కు అయింది. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు చివరి హల్లు దగ్గర ఆగిపోవాలి. క్రియల చివరి "ఈడీ"ని "ఎడ్" అని పలకకండి. "వాక్‌ట్", "ప్లేడ్", "వాంటిడ్" అని మూడు రకాలుగా వస్తుంది. ముందు "ట", "డ" ధ్వనులు ఉంటేనే "ఇడ్" వినిపించాలి.

పద మొదట్లో ఎ, ఇ ఉన్నప్పుడు మన నాలుక తెలియకుండానే "య" చేరుస్తుంది, ఒ ఉంటే "వ" చేరుస్తుంది. గుడ్డు "యెగ్" కాదు, "ఎగ్". "ఓన్లీ"ని "వోన్లీ" అనకండి. చెవికీ సంవత్సరానికీ ఇంగ్లీషులో ఉన్న తేడా ఆ "య" ఒక్కటే.

తెలుగు లిపి చూపలేని ధ్వనుల్లో రెండు ముఖ్యమైనవి. జూ, జీరో వంటి మాటల మొదటి ధ్వని మన "జ" కాదు. "స్స్స్" అంటూ గొంతులో నాదం కలపండి, అదే ఆ ధ్వని. రెండోది మన "వ"కు బదులు ఇంగ్లీషులో ఉన్న రెండు ధ్వనుల సంగతి. వ్యాన్, వెరీ పలికేటప్పుడు పై పళ్లు కింది పెదవిని తాకాలి. వాటర్, వెయిట్ పలికేటప్పుడు పళ్లు తగలకూడదు, పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే తేడా కనిపిస్తుంది.

వీటన్నిటికన్నా అర్థాన్ని ఎక్కువగా చెడగొట్టేది ఊనిక. తెలుగులో ప్రతి అక్షరానికీ దాదాపు సమానమైన బలం ఇస్తాం. ఇంగ్లీషులో ఒక భాగం బలంగా లేచి, మిగతావి నలిగిపోతాయి. హోటల్‌లో బలం రెండో భాగం మీద. ఫొటోగ్రాఫ్‌లో మొదటి భాగం మీద, ఫొటోగ్రఫీలో రెండో భాగం మీద. వెజిటబుల్ నాలుగు ముక్కలు కాదు, "వెజ్-ట-బుల్" అని మూడే. కొత్త మాట రాసుకున్నప్పుడు బలం పడే భాగం కింద గీత గీయండి.

ఏడో మెట్టు: సన్నివేశాన్ని ముందే ఆడి చూడడం

కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్లే తల్లిదండ్రులను తీసుకుందాం. విమానం దిగగానే అధికారి అడిగేవి చాలావరకు ఊహించదగ్గవే. "వాట్ ఈజ్ ద పర్పస్ ఆఫ్ యువర్ విజిట్?" ఎందుకు వచ్చారు? "ఐ యామ్ విజిటింగ్ మై డాటర్." "హౌ లాంగ్ విల్ యు స్టే?" ఎన్నాళ్లుంటారు? "ఫోర్ మంత్స్." "వేర్ విల్ యు బి స్టేయింగ్?" ఎక్కడ ఉంటారు? "ఎట్ మై డాటర్స్ హౌస్, ఇన్ డాలస్." "ఆర్ యు క్యారీయింగ్ ఎనీ ఫుడ్?" తినేవి ఏమైనా తెచ్చారా? పచ్చడి, పొడులు ఉంటే దాచకుండా "యెస్, పికిల్స్ అండ్ స్పైస్ పౌడర్స్" అనాలి.

జవాబులు కంఠస్థం చేస్తే సరిపోదు, అధికారి అదే ప్రశ్నను మరోలా అడగవచ్చు. "వై ఆర్ యు హియర్?", "వాట్ బ్రింగ్స్ యు హియర్?" కూడా మొదటి ప్రశ్నే. ఇంట్లో ఒకరిని అధికారిగా కూర్చోబెట్టి, ప్రశ్నల వరుస మార్చి, మాటలు మార్చి అడగమనండి. ఇలాగే మందుల దుకాణం, అద్దె ఇల్లు, పిల్లల టీచరుతో మాట, కొరియర్ ఫోను, వీటిలో మీకు అవసరమైనవి ఒక్కొక్కటీ ఆడి చూడండి.

ఏ సన్నివేశంలోనైనా ఆదుకునే వాక్యాలు నాలుగున్నాయి. అర్థం కాకపోతే, "సారీ, కుడ్ యు సే దట్ అగైన్?" వేగంగా మాట్లాడితే, "కుడ్ యు స్పీక్ ఎ లిటిల్ మోర్ స్లోలీ, ప్లీజ్?" పేరు తెలియకపోతే వస్తువును చూపించి, "వాట్ డు యు కాల్ దిస్?" సరిగా అర్థమైందో లేదో తేల్చుకోవడానికి, "డు యు మీన్...?" అని మీకు అర్థమైనది చెప్పడం. ఇవి నిద్రలో లేపి అడిగినా రావాలి. అర్థం కాకుండా తల ఊపడం వల్ల జరిగే నష్టం మళ్లీ అడగడం వల్ల జరగదు.

తోడు

ఒంటరి సాధన రెండు నెలలు చేశాక తోడు వెతుక్కోండి. ఇంగ్లీషు బాగా వచ్చినవారే కావాలని లేదు, మీ స్థాయివారైనా చాలు. రోజూ పది నిమిషాల ఫోను, ఆ పది నిమిషాల్లో తెలుగు లేదు అనేదే ఒప్పందం. విషయం ముందు రోజే అనుకోండి: నిన్న వండినది, ఊళ్లో పెళ్లి, కొనబోయే ఫ్రిజ్. మాట మధ్యలో ఒకరినొకరు దిద్దుకోకండి, ధార తెగిపోతుంది. మాట ముగిశాక ఒక్క తప్పే చెప్పాలి, అదీ మళ్లీ మళ్లీ దొర్లినది. ఆ తప్పు ఉన్న వాక్యాన్ని మరుసటి రోజు ఉదయం ఆరు వైపులా తిప్పండి.

ఇంట్లో ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలుంటే వారిని అడగడానికి పెద్దరికం అడ్డు రానివ్వకండి. పిల్లలకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. అమ్మ గానీ తాతయ్య గానీ తప్పు పలికినప్పుడు నవ్వకుండా, సరైన వాక్యాన్ని ఒకసారి మామూలుగా పలికి ఊరుకోవాలి. "హి డిడ్ంట్ కేమ్" అని అమ్మ అంటే, "ఓ, హి డిడ్ంట్ కమ్?" అని పిల్లవాడు తిరిగి అడిగితే చాలు, అమ్మ చెవికి సరైన రూపం చేరుతుంది.